సీతాకోకచిలుకల లెక్క చూసిన ప్రొఫెసర్ హాల్డేన్

ఇంటర్ బైపీసీ చదివిన ప్రతి ఒక్కరికీ ఒపారిన్-హాల్డేన్ సిద్ధాంతం తెలుసు. భూమి మీద జీవం ఎలా పుట్టిందన్న పాఠంలో ఒక పేరా, పరీక్షలో ఒక చిన్న ప్రశ్న. మార్కులు పడగానే ఆ పేరును వదిలేస్తాం. ఆ హాల్డేన్ గారు తన జీవితంలో చివరి ఏడేళ్ళు మన దేశంలో గడిపారని, మన దేశ పౌరుడయ్యారని, ఆయన దగ్గర పనిచేసిన కుర్రవాళ్ళలో పిఠాపురం వాసి ఒకరు ఉన్నారని పాఠ్యపుస్తకం చెప్పదు. ఈ వార్షికోత్సవ సంచికలో హాస్టల్ తమ్ముళ్ళకూ, మాకంటే ముందు ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలకూ ఆయన కథ చెప్పాలని మా కోరిక. మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేము. జువాలజీలో పీజీ అంటే చుట్టాలందరూ అడిగేది ఒకటే, దానికి ఉద్యోగం ఏమొస్తుందని. ఈ కథ ఆ ప్రశ్నకు జవాబు కాకపోవచ్చు. కానీ ఆ చదువుతో ఏం చెయ్యవచ్చో మాకు మొదటిసారి అర్థమైంది ఈయన వల్లనే.

జాన్ బర్డన్ సాండర్సన్ హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియ మీద పరిశోధనలు చేసిన పేరుమోసిన శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో విషవాయువుల వల్ల కార్మికులు చనిపోతుంటే కారణం వెతకడానికి గనుల్లోకి దిగేవారు, కొడుకును కూడా వెంట తీసుకెళ్ళేవారు. ఒకసారి గనిలో పైకప్పు దగ్గర మీథేన్ చేరిన చోట పిల్లవాణ్ణి నిలబెట్టి, షేక్స్‌పియర్ జూలియస్ సీజర్ నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారట. కాసేపటికి ఊపిరాడక కుర్రవాడు కింద పడ్డాడు. మీథేన్ తేలిక కాబట్టి పైనే ఉంటుంది, నేల దగ్గర మంచి గాలి ఉంది, లేచి కూర్చున్నాడు. ఆ పాఠం జీవితాంతం గుర్తుండిపోయింది. తరువాతి కాలంలో తన ఒంటి మీద తానే ప్రయోగాలు చేసుకోవడం ఆయనకు అలవాటైంది. 1939లో థీటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, లోపలివాళ్ళు ఎందుకు బయటపడలేకపోయారో తెలుసుకోవడానికి ఇనుప గదిలో గంటల తరబడి తలుపు మూయించుకుని కూర్చున్నారు. ఇలాంటి ప్రయోగాల్లోనే ఆయన చెవి పొరకు చిల్లు పడింది, వెన్నుపూస దెబ్బతింది.

ఇక్కడ ఒక విషయం తమ్ముళ్ళు గమనించాలి. ఇంత పెద్ద జీవశాస్త్రవేత్తకు సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చదివి, ఆ తరువాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రాలతో 1914లో పట్టా పుచ్చుకున్నారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరి ఫ్రాన్సులోనూ మెసపొటేమియాలోనూ గాయపడ్డారు. రెండవసారి గాయం మానడానికి పంపింది మన దేశానికే. తెల్లవారికీ భారతీయులకీ మధ్య అప్పుడున్న అంతరం ఆయనకు మింగుడు పడలేదు. ఇక్కడివారితో సమానంగా కలిసి బతకగలిగే రోజు వస్తేనే మళ్ళీ రావాలని అనుకున్నారు. నలభై ఏళ్ళ తరువాత ఆ మాట నిలబెట్టుకున్నారు.

యుద్ధం తరువాత కేంబ్రిడ్జిలో, 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశారు. ఎంజైముల మీద, మలేరియాకూ రక్త వ్యాధులకూ ఉన్న సంబంధం మీద, హీమోఫీలియా మీద ఆయన చేసిన పని ఒక్కొక్కటీ ఒక్కొక్క వ్యాసానికి సరిపోతుంది. వాటిని వదిలేసి, మా సబ్జెక్టుకు దగ్గరైన ఒక దారినే పట్టుకుంటాం. జంతువు తిండి ఎలా వెతుక్కుంటుంది, దేన్ని తింటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నదే ఆ దారి. ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ పూట గడవడం ఎంత పెద్ద విషయమో ఇక్కడ చదివేవాళ్ళకు వేరే చెప్పాలా?

మొదటిది చిమ్మట కథ. బిస్టన్ బెట్యులేరియా పేరు ఇంటర్ పుస్తకంలో ఉంది. ఇంగ్లండులో ఈ చిమ్మటలు తెల్లటి ఒంటి మీద నల్లచుక్కలతో ఉండేవి. 1848లో మాంచెస్టరు దగ్గర నల్లది ఒకటి దొరికింది. ఫ్యాక్టరీల మసి చెట్ల బెరడును నల్లగా మార్చింది. ఆ శతాబ్దం ముగిసేసరికి ఆ ప్రాంతంలో దాదాపు అన్నీ నల్లవే. అందరూ దాన్ని వింతగా చెప్పుకున్నారు. హాల్డేన్ గారు 1924లో కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క కట్టారు. యాభై ఏళ్ళలో ఇంత మార్పు రావాలంటే ఒక్కో తరంలో నల్లదానికి తెల్లదానికన్నా ఎంత మేలు ఉండాలి? తెల్లది రెండు పిల్లల్ని మిగిల్చే చోట నల్లది సుమారు మూడు మిగల్చాలని జవాబు వచ్చింది. ప్రకృతి వరణం అంత బలంగా పనిచేస్తుందంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1950లలో కెటిల్‌వెల్ అడవుల్లో ప్రయోగాలు చేసి, పిట్టలు తమ కంటికి తేలికగా ఆనినవాటిని ముందు ఏరుకు తింటున్నాయని చూపించారు. ఆ ప్రయోగాల మీద తరువాత విమర్శలు వచ్చాయి. కేంబ్రిడ్జిలో మైఖేల్ మజెరస్ 2001 నుంచి ఆరేళ్ళ పాటు ఓపికగా మళ్ళీ చేసి చూస్తే పిట్టల పాత్ర నిజమేనని తేలింది. పిట్ట తన ఆకలి తాను చూసుకుంటోంది. దాని ఎంపిక వల్ల ఒక జాతి రంగే మారిపోయింది.

రెండవది తేనెటీగల కథ. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ తేనెటీగల నాట్యాన్ని అర్థం చేసుకున్నారు. పూలు దొరికిన ఈగ పట్టుకు తిరిగివచ్చి, చీకటిలో నిలువుగా ఉన్న తేనెగదుల మీద ఒళ్ళు ఊపుకుంటూ ఒక గీత వెంట నడుస్తుంది. ఆ గీత నిలువుకు ఎంత పక్కగా ఉంటే, పూలు సూర్యుడికి అంత పక్కన ఉన్నాయని. ఎంతసేపు ఊగితే అంత దూరం. దీనికి ఆయనకు 1973లో నోబెల్ వచ్చింది. హాల్డేన్ గారూ, ఆయన భార్య, తానూ జీవశాస్త్రవేత్త అయిన హెలెన్ స్పర్వే గారూ 1954లో ఫ్రిష్ అంకెలను తీసుకుని ఇంకో ప్రశ్న వేశారు. ఆ నాట్యం చూసిన ఈగకు నిజంగా ఎంత సమాచారం అందుతోంది? టెలిఫోన్ తీగల్లో పోయే సమాచారాన్ని కొలవడానికి ఇంజనీర్లు అప్పుడే కొత్తగా ఒక గణితం తయారు చేశారు. దాన్ని తెచ్చి తేనెటీగకు పెట్టారు. చూసిన ఈగలన్నీ సూటిగా ఒకే చోటికి పోవు, కొంచెం అటూ ఇటూ చెదురుతాయి. ఆ చెదరడాన్ని బట్టి నాట్యం ఎంత ఖచ్చితమో లెక్కగట్టవచ్చు. ఇంకో మంచి ఆలోచన కూడా చేశారు. ఆ నాట్యం జరిగిపోయిన ప్రయాణం గురించిన కబురు మాత్రమే అనుకోనక్కరలేదు, ఎగరబోయే ముందు చేసే కదలికే మెల్లగా నాట్యంగా స్థిరపడి ఉంటుందని వారి ఊహ. మా క్లాసులో ఈ విషయం వచ్చినప్పుడు చాలాసేపు వాదించుకున్నాం, తేలలేదు.

హాల్డేన్ గారిలో మాకు నచ్చనిదీ చెప్పాలి. ఆయన కమ్యూనిస్టు. స్పెయిన్ అంతర్యుద్ధం కాలంలో అక్కడికి వెళ్ళి ఫాసిస్టులకు ఎదురు నిలిచినవారికి సలహాలిచ్చారు. డైలీ వర్కర్ పత్రికలో కూలివాడికి కూడా అర్థమయ్యేలా ఏళ్ళ తరబడి సైన్సు వ్యాసాలు రాశారు. అంతవరకూ మనం దండం పెట్టాలి. కానీ సోవియట్ రష్యాలో లైసెంకో అనే ఆయన జన్యుశాస్త్రాన్నే తప్పని ప్రచారం చేసి, శాస్త్రవేత్తలను వెళ్ళగొట్టిస్తుంటే, హాల్డేన్ గారు గట్టిగా ఖండించలేదు. తనను 1928లో రష్యాకు ఆహ్వానించిన వావిలోవ్ 1943లో జైల్లో చనిపోయారు. ఆ తరువాత కూడా చాలాకాలం ఆయన మాట నానుస్తూనే వచ్చారు. చివరికి పార్టీకి దూరమయ్యారు గానీ ఆ ఆలస్యం ఆయన పేరు మీద మచ్చే. అంత లెక్క తెలిసిన మనిషి ఈ లెక్కలో ఎందుకు ఆగారో మాకు బోధపడలేదు.

1957లో ఆయన ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశారు. సూయజ్ కాలువ మీద బ్రిటన్ దాడి చెయ్యడం తనకు నచ్చలేదని బయటికి చెప్పారు. అంతకుముందు హెలెన్ గారు పోలీసు కుక్క తోక తొక్కిన కేసులో జరిమానా కట్టనని జైలుకు పోవడం కూడా జరిగింది. అరవై ఏళ్ళు కాళ్ళకు మేజోళ్ళు తొడిగింది చాలని ఆయన వేళాకోళం ఆడేవారు. ప్రొఫెసర్ మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, లాల్చీ పైజమా కట్టి, మాంసం మానేశారు. (ఈ ఒక్క విషయంలో ఆయన బాట పట్టే ఉద్దేశం మాకు లేదు. మాది ఎండుచేపల సీమ, ఆదివారం కోడిగుడ్డు కోసం ఎదురుచూసిన హాస్టల్.)

ఆయన దగ్గర చేరినవాళ్ళు పెద్ద పేరున్నవారు కారు, కుర్రవాళ్ళు. మన దేశంలో ఖరీదైన పరికరాలు లేవని ఏడుస్తూ కూర్చోవద్దని ఆయన పద్ధతి. జీవజాలం మన దగ్గర విపరీతంగా ఉంది, కళ్ళున్నాయి, వేళ్ళున్నాయి, లెక్కపెట్టండి అనేది ఆయన మార్గం. జంతువును చంపకుండా, కొయ్యకుండా, చూసి తెలుసుకునే జీవశాస్త్రం మన నేలకు తగినదని భావించారు. టి.ఎ. డేవిస్ కొబ్బరి చెట్ల ఆకులు కుడికి తిరుగుతున్నాయా ఎడమకు తిరుగుతున్నాయా అని లెక్కపెట్టారు. ఆ తిరుగుడు తల్లిచెట్టు నుంచి రాదనీ, ఎడమకు తిరిగే చెట్లు కాస్త ఎక్కువ కాస్తాయనీ ఆయన చూపించారు. మన పెరళ్ళలో ఇన్ని కొబ్బరి చెట్లుండగా మనలో ఎవరం తలెత్తి చూశాం? ఎస్.కె. రాయ్ రాలిన పారిజాతాల రేకులు లెక్కపెట్టారు. ఎస్.డి. జయకర్ హెలెన్ గారితో కలిసి తీతువు పిట్టల గూళ్ళ దగ్గర కాపు కాశారు. గోడకు మట్టిగూడు కట్టి సాలీళ్ళను తెచ్చి దాచుకునే కందిరీగ ఉంటుంది కదా, ఒకే ఒక్క గూటిని పట్టుకుని ఓ పరిశోధన పత్రమే రాశారు.

ఇక పిఠాపురం వాసి ద్రోణంరాజు కృష్ణారావు గారు. హాల్డేన్ గారికి ఉత్తరం రాసి, ఆయన దగ్గర విద్యార్థిగా చేరారు. ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో లాంటానా పొదలు పక్కపక్కనే ఉండేవి. కొన్ని ఊళ్ళలో తలంబ్రాల మొక్క అంటారు, కాలువ గట్ల మీద గుత్తులు గుత్తులుగా పూసే ముళ్ళ పొద. కొన్ని మొక్కలకు గులాబీ రంగు పూలు, కొన్నింటికి నారింజ రంగు పూలు. ద్రోణంరాజు గారు ఆ పొదల దగ్గర నిలబడి ఏ రకం సీతాకోకచిలుక ఏ రంగు పువ్వు మీద వాలుతోందో ఒక్కొక్క గీత గీసి లెక్కవేశారు. రెండు రంగులూ పక్కపక్కనే, రెక్క చాపితే అందేంత దూరంలోనే ఉన్నా, కొన్ని రకాలు ఎక్కువగా ఒకదాని మీదే వాలుతున్నాయి, ఇంకొన్ని రెండవదాన్ని ఇష్టపడుతున్నాయి. ఈ పని 1960లో నేచర్ పత్రికలో వచ్చింది. ప్రపంచంలో శాస్త్రవేత్తలంతా తమ పేరు చూసుకోవాలని కలలు కనే పత్రిక అది. దానికి కావలసిన సరంజామా ఒక నోటుబుక్కు, ఎండలో నిలబడే ఓపిక.

ఇందులో విశేషం ఏమిటంటే, సీతాకోకచిలుక పువ్వును ఎన్నుకుంటే పుప్పొడి కూడా ఆ రంగు పూల మధ్యే తిరుగుతుంది. గులాబీవి గులాబీవాటితోనే, నారింజవి నారింజవాటితోనే కలుస్తాయి. అలా తరాలు గడిస్తే, మధ్యలో కొండగానీ నదిగానీ లేకుండానే ఒకే పెరట్లో ఒక మొక్క రెండు జాతులుగా విడిపోయే అవకాశం ఉందని ద్రోణంరాజు గారు సూచించారు. మరి పురుగు ఒకే రంగు దగ్గర ఎందుకు ఆగుతుంది? ప్రతి పువ్వులో తేనె చేరే దారి వేరు. ఒకసారి నేర్చుకున్న దారి వదిలి కొత్తది నేర్చుకోవాలంటే సమయం పోతుంది. డార్విన్ కాలం నుంచీ ఈ వివరణ ఉంది. లాంటానాలోనే ఇంకో రకంలో, ఒకే గుత్తిలో కొత్తగా విచ్చిన పసుపు పూలలో తేనె ఉంటుంది, రోజు గడిచి రంగు మారినవాటిలో దాదాపు ఉండదు. సీతాకోకచిలుకలు పసుపువాటికే పోతాయని 1991లో మార్తా వైస్ అనే ఆమె చూపించారు. ఇది చదివాక మేము నలుగురం కోడూరు రోడ్డు పక్కన ఒక పొద దగ్గర నిలబడి చూశాం. దారిన పోయేవాళ్ళు ఏం పోగొట్టుకున్నారు బాబూ అని అడిగారు. మేము చదివిన ఒక చోట మైక్రోస్కోపులు బీరువాలో తాళం వేసి ఉండేవి, పరీక్ష రోజున మాత్రం బయటికొచ్చేవి. ఆ పొదకు తాళం లేదు.

హాల్డేన్ గారు పోయిన తరువాతే ఈ శాస్త్రం పూర్తి రూపం తెచ్చుకుంది. 1966లో మెకార్థర్, పియాంకా అనే ఇద్దరూ, ఎమ్లెన్ అనే మరొకరూ విడివిడిగా, జంతువు ఏ తిండి తీసుకోవాలో ఏది వదలాలో గణితంలో రాశారు. 1976లో చార్నోవ్ ఇంకో మెట్టు ఎక్కారు. ఒక చోట తింటూ ఉంటే తిండి తగ్గిపోతూ వస్తుంది. ఎప్పుడు లేచి ఇంకో చోటికి పోవాలి? చుట్టుపక్కల మొత్తం మీద, నడక సమయం కూడా కలుపుకుంటే, సగటున ఎంత దొరుకుతుందో, ఇక్కడ దొరికేది ఆ మట్టానికి పడిన క్షణంలో లేవాలని ఆయన జవాబు. తరువాతి మేత దూరమైతే ఇక్కడే ఇంకాస్త ఆగాలి, దగ్గరైతే తొందరగా పోవాలి. మాకు ఈ సూత్రం బోర్డు మీద చూసినప్పుడు కష్టంగా అనిపించింది. తరువాత పరిగె గుర్తొచ్చింది. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడానికి మా అమ్మమ్మలు, నాయనమ్మలు పోయేవారు. ఒక మడిలో ఎంతసేపు వంగాలి, ఎప్పుడు గట్టు దాటి పక్క చేలోకి పోవాలి, దూరంగా ఉన్న చేను కోసం నడవడం గిట్టుతుందా లేదా, ఇవన్నీ పొద్దుగూకేలోపు వాళ్ళు తేల్చుకున్న లెక్కలే. కోసిన చేలల్లో బాతుల మంద తోలేవాడికీ తెలుసు. ట్రాక్టరు వెనక, గేదెల కాళ్ళ దగ్గర తిరిగే తెల్లకొంగకూ తెలుసు. పశువుల పక్కన మేసే కొంగ తక్కువ అడుగులు వేసి ఎక్కువ పురుగులు పడుతుందని పరిశోధకులు అడుగులు లెక్కించి మరీ చెప్పారు.

ఈ లెక్కలన్నిటి అడుగునా ఉన్నది, మేలైన అలవాటు తరాల మీద ఎంత వేగంగా పెరుగుతుందో 1920లలో హాల్డేన్, ఫిషర్, రైట్ కట్టిన గణితమే. విమానాల ఇంజనీరు పని మానుకుని హాల్డేన్ గారి దగ్గర చదువుకోవడానికి వచ్చిన జాన్ మేనార్డ్ స్మిత్ 1973లో ఇంకొకరితో కలిసి జంతువుల మధ్య పోటీకి ఆటల సిద్ధాంతాన్ని తెచ్చారు. ఒక కాకి కష్టపడి వెతుకుతుంది, ఇంకో కాకి దాని నోట్లోది లాక్కుంటుంది. అందరూ లాక్కునేవాళ్ళే అయితే వెతికేదెవరు? ఈ ప్రశ్నకు ఇప్పుడు ఆ సిద్ధాంతంతోనే జవాబు వెతుకుతున్నారు.

కలకత్తాలో హాల్డేన్ గారు ఎక్కువకాలం నిలవలేదు. మహలనోబిస్ గారితో పొత్తు కుదరక 1961లో ఇన్‌స్టిట్యూట్ వదిలేశారు. అదే కాలంలో భారత పౌరసత్వం తీసుకున్నారు. 1962లో ఒరిస్సా ప్రభుత్వం పిలిస్తే భువనేశ్వర్ వెళ్ళి, అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల మొదలుపెట్టారు. ద్రోణంరాజు గారు అక్కడికీ వెంట వెళ్ళారు. ఆంధ్ర జిల్లాల్లో మేనరికాల మీద ద్రోణంరాజు గారు అంకెలు పోగుచేసింది కూడా ఆ రోజుల్లోనే. ఆయన తరువాత అమెరికాలో స్థిరపడి, గురువు గారి మీద పుస్తకాలు రాశారు. 2017లో ఒక పెద్ద జీవితచరిత్ర వచ్చింది. తెలుగులో అలాంటిది ఒకటి మా హాస్టల్ లైబ్రరీ బీరువాలో ఉంటే ఎంత బాగుండేది.

1963 చివరలో ఆయనకు పేగు క్యాన్సర్ అని తేలింది. లండన్‌లో ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి మంచం మీదే క్యాన్సర్ గురించి హాస్యంగా ఒక పద్యం రాసి పత్రికలో వేయించారు. ఒంట్లో తేడా కనపడగానే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరకు పొండని జనానికి చెప్పడమే దాని ఉద్దేశం. జబ్బు తిరగబెట్టి 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

శరీరాన్ని దహనం చెయ్యవద్దని, వైద్య విద్యార్థుల చదువుకు ఇవ్వమని ముందే వీలునామా రాశారు. ఆ శరీరం చేరింది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. అప్పటికి ఆ కాలేజీ పెట్టి ఆరేళ్ళే. హెలెన్ గారు ఇంగ్లండుకు తిరిగి వెళ్ళలేదు. ఇక్కడే జంతువులను పెంచుకుంటూ, చూసుకుంటూ ఉండి, 1978లో హైదరాబాదులో చనిపోయారు.